శ్రమల దినాలలో ఆత్మపరీక్ష: రాత్రిపూట పావుగంట

భస్మ బుధవారం మొదలుకొని ఈస్టర్ ముందటి శనివారం వరకు లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. ప్రభువు పునరుత్థానాన్ని స్మరించే ఆరు ఆదివారాలను తీసివేయగా మిగిలేవే మనం చెప్పుకొనే నలభై. కతోలికులు తపస్సు కాలమన్నా, తక్కిన సంఘాలవారు శ్రమల దినాలన్నా, మన ఇళ్లలో ఈ కాలం ముందుగా వంటగదిలోనే కనిపిస్తుంది. మాంసం మానడం మంచిదే. అయితే మాంసం మానిన నోటితోనే కోడలిని దెప్పుతుంటే, అటువంటి ఉపవాసాన్ని గురించి యెషయా గ్రంథం 58వ అధ్యాయం ఏమంటుందో చదివి చూసుకోవాలి.

ఆత్మపరీక్షకు రాత్రి భోజనమైన తరువాత పావుగంట చాలును. ఒక చిన్న నోటుపుస్తకం దగ్గర పెట్టుకొని, ఫోన్ వేరే గదిలో ఉంచండి. ముందుగా 139వ కీర్తన చివరి రెండు వచనాలు నెమ్మదిగా చదవండి. అక్కడ కీర్తనకారుడు తన్ను పరిశోధించమని దేవుణ్ణే అడుగుతున్నాడు. మనల్ని మనమే విచారించుకుంటే మన తరఫు వకీలూ మనమే అవుతాము. తరువాత ఆ రోజు పొందిన మేలు ఒకటి తలచుకొని కృతజ్ఞత చెప్పండి. 16వ శతాబ్దంలో యేసు సభ స్థాపకుడైన లొయోలా ఇగ్నాసి నేర్పిన పద్ధతి కూడా కృతజ్ఞతతోనే మొదలవుతుంది.

ఆ పైన రోజును వెనక్కి తిప్పి చూడాలి. చాలామంది పది ఆజ్ఞలను ప్రశ్నపత్రంలా పెట్టుకుంటారు గాని, నరహత్య చేయలేదు, దొంగిలించలేదు అనుకుంటూ రెండు నిమిషాలలో ఉత్తీర్ణులమైపోయే ప్రమాదం అందులో ఉంది. నా అనుభవంలో మనుషుల వారీగా చూడటమే మేలు: ఉదయం నుండి ఎవరెవరితో మాట్లాడాను, ఎవరిని తప్పించుకున్నాను, ఎవరికి ఇవ్వవలసినది ఇవ్వలేదు? “ఈ రోజు కోపపడ్డాను” అని రాస్తే ఏమీ రాయనట్లే. “పనిచేసే అమ్మాయి అరగంట ఆలస్యంగా వచ్చింది, బిడ్డకు జ్వరమని చెబుతున్నా వినకుండా, పక్కింటివారి ఎదుట అరిచాను” అని రాసినప్పుడు చేయి కాస్త ఆగుతుంది. ఆగిన చోటే అసలు పని ఉంటుంది. మేలు చేయగలిగి కూడా చేయకపోవడం పాపమని యాకోబు పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది గనుక, చేయని వాటికీ ఒక వరుస కేటాయించండి.

రాసినదాన్ని దేవుని ఎదుట ఒప్పుకోవాలి. కతోలికులు గురువు (ఫాదర్) వద్ద పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు, చేస్తారు. కనీసం ఏడాదికొకసారి చేయాలన్న నియమం 1215లో రోములో జరిగిన కతోలిక సంఘపు లాతరను మహాసభ నుండి వస్తున్నది. తక్కినవారు నమ్మకమైన పెద్దతో చెప్పుకోవచ్చు, కాని ఇతరుల రహస్యాలు అందులో కలపకూడదు. చిన్న తప్పుకు కూడా నిద్రపట్టని స్వభావం ఉన్నవారు దీన్ని ఐదు నిమిషాలకు కుదించి, గురువుతోనో కాపరితోనో మాట్లాడటం మంచిది.

ఒప్పుకోలుతో ఆగిపోయేవారే ఎక్కువ. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య మాత్రం అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. కాబట్టి వారానికొక పేరు ఎంచుకొని ఆ మనిషి దగ్గరకు వెళ్లండి: చేబదులు తెచ్చిన రెండు వేలు ఇచ్చేయడం, తోబుట్టువుకు ఫోన్ చేయడం. “ఒకవేళ మీకు బాధ కలిగి ఉంటే” అని మొదలుపెడితే అది క్షమాపణ కాదు. ఏమి చేశారో దాన్నే చెప్పి, అవతలివారి జవాబు కోసం పట్టుబట్టకుండా రండి.

పరిశుద్ధ గురువారం నాడు ప్రభు భోజనానికి ముందు నోటుపుస్తకం మొదటినుండి ఒకసారి చదివి, తీరిన పేజీలు చింపివేయండి. తీరనివాటిని మరో కాగితం మీదికి ఎక్కించి, బైబిలులో పెట్టుకోండి.