దూలం కొన పుచ్చితే ఇలా సరిచేశాం

నర్సంపేట దగ్గర మా పాత పెంకుటింట్లో నడిమి దూలం కుంగింది. అందరూ చెదలన్నారు. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే, మట్టిగోడలో దిగిన కొన ఒక్కటే మెత్తగా ఉంది. మిగతా టేకు గట్టిదే. అసలు దొంగ పగిలిన పెంకు. వాన నీళ్లు వాసం వెంట జారి గోడలోకి దిగుతున్నాయి.

పెంకులు దించి బరువు తగ్గించాం. దూలం కింద గుంజలు నిలబెట్టి, జాకీతో కొద్దికొద్దిగా లేపాం. ఒక్కసారే లేపితే గోడ పగులుతుంది. పుచ్చింది కోసేసి, పాత టేకు ముక్కనూ దూలాన్నీ సగం మందం చొప్పున చెక్కి, ఒకదానిమీదొకటి కూర్చి వడ్లాయన బోల్టులు బిగించాడు. అతుకు గోడ దగ్గరే ఉండాలి, నడుమ వస్తే బరువు ఆగదు. కొన కింద బండ పలక వేసి, గాలి ఆడేందుకు చుట్టూ వేలెడు సందు వదిలాం. మేస్త్రీ దాన్ని సిమెంటుతో మూసేస్తానని ఒకటే పట్టు. తడి లోపలే ఉండిపోతుందని మేం ఒప్పుకోలేదు.