తేడాగా ఉన్నంత మాత్రాన జబ్బేనా? ఇలా చూడండి

ఇంట్లో ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే వెంటనే "పిచ్చి" అనేయకండి. సైకాలజిస్టులు ముందు చూసేది ఆ మనిషి లోలోపల నలిగిపోతున్నాడా, పని, నిద్ర, నలుగురితో మాటలు దెబ్బతిన్నాయా అని. బోనాల్లో రంగం చెప్పే ఆవిడకి పూనకం వస్తే అది సంప్రదాయం, అదే ఎవరికైనా ఆఫీసులో ఎవరికీ వినపడని మాటలు వినిపించి భయంతో ఉద్యోగమే మానేస్తే కథ వేరు.

ఎన్నాళ్లుగా ఉందో రాసిపెట్టుకోండి. డీఎస్ఎం-5 (మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం డిప్రెషన్ అనాలంటే కనీసం 2 వారాలు దాదాపు రోజంతా దిగులో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో ఉండాలి, దాంతో కలిపి మొత్తం 5 లక్షణాలు కనపడాలి.

జనానికి నచ్చకపోవడం కొలబద్ద కాదు (స్వలింగ సంపర్కాన్ని అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1973లో గానీ జబ్బుల జాబితాలోంచి తీయలేదు, అదీ విడ్డూరం!).

చచ్చిపోతానంటుంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి.