వరి మడిని చదవడం, 3వ పాఠం: సుడిదోమ రాకముందు సాలీడు ఏం తింటుంది?

గత రెండు పాఠాల్లో గెట్టు మీదే ఉన్నాం. గడ్డి, గడ్డిని తినే మిడత, మిడతను పట్టే తొండ, తొండ కోసం కరెంటు తీగ మీద కాచుకున్న పాలపిట్ట: ఈ నాలుగింటినీ బాణాలతో కలిపి ఆహారపు గొలుసు గీశాం. ఈసారి మడిలోకి దిగుతాం. నోటుబుక్కు, పెన్సిలు, తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం వెంట తీసుకెళ్లండి. స్టీలు పళ్లెమైతే ఎండకు మెరిసి చిన్న పురుగులు కనబడవు.

నాట్లు వేసి పదిహేను, ఇరవై రోజులైన మడి కావాలి. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కిందిదైనా, మహబూబ్‌నగర్ వైపు చెరువు కిందిదైనా, బోరు కిందిదైనా సరే. ఒక దుబ్బును రెండు చేతులతో మెల్లగా విడదీసి, నీళ్లకు పైన నాలుగు వేళ్ల మేర చూడండి. వరి రసం పీల్చే చిన్న పురుగు సుడిదోమ ఇంకా ఉండదు, ఉన్నా ఒకటీ అరా. సాలీడు మాత్రం కనబడుతుంది. గోధుమ రంగులో, గూడు అల్లకుండా, పిలకల మధ్య పరుగెత్తి పట్టే రకం. తినడానికి దోమ లేని మడిలో ఈ వేటగాడు ఇన్నాళ్లు ఎలా బతికాడు? ఈ పాఠమంతా ఈ ఒక్క ప్రశ్న మీదే.

జవాబు బురదలో ఉంది

దమ్ము చేసినప్పుడు కొయ్యకాళ్లు, కలుపు, పశువుల ఎరువు అన్నీ బురదలో కలుస్తాయి. వాటిని కుళ్లబెట్టేవి బ్యాక్టీరియా, బూజు. పాఠ్యపుస్తకం భాషలో ఇవి విచ్ఛిన్నకారులు. ఆ కుళ్లునూ, నీళ్లలో పెరిగే సన్నటి నాచునూ తిని బతికే పురుగులు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది కుట్టని దోమ. సాయంత్రం ఒడ్డు మీద తల ఎత్తున గుంపుగా తిరిగేది, రాత్రి బల్బు చుట్టూ మూగేది ఇదే. దీని పిల్లపురుగు బురదలో సన్నటి గొట్టం కట్టుకుని ఉంటుంది. కొన్ని రకాల్లో ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే మన నెత్తురులో ఉన్న హిమోగ్లోబిన్ లాంటిదే దాని ఒంట్లోనూ ఉంది. గాలి తక్కువగా ఉండే బురదలో అది బతకగలిగేది దానివల్లనే.

ఈ దోమ వరిని ముట్టదు, మనిషినీ కుట్టదు. అందుకే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కానీ నాట్లు వేసిన మొదటి నెలలో సాలీడుకు ఇదే కూడు. ఇండోనేషియాలోని జావా మడుల్లో 1990ల్లో పరిశీలించినప్పుడు తేలిందీ ఇదే: బురదలో సేంద్రియ పదార్థం ఎక్కువుంటే ఇలాంటి పురుగులు ముందుగా పెరుగుతాయి, వాటిని తిని వేటపురుగులు పెరుగుతాయి, వరిని తినేవి వచ్చేసరికి వేటగాళ్లు సిద్ధంగా ఉంటారు. యాసంగి కోతలయ్యాక గడ్డికి నిప్పు పెట్టే ప్రతి రైతుకూ ఈ సంగతి తెలియాలి. తగలబడేది గడ్డి ఒక్కటే కాదు, వచ్చే పంటలో సాలీళ్లకు అందాల్సిన తిండి కూడా.

సీసాలో చూడండి

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు తీసుకుని పైభాగం కోసేయండి. మడిలో పైనుండే రెండు వేళ్ల మందం బురదను తెచ్చి, బాగా కలిపి, రెండింట్లోనూ రెండు అంగుళాల ఎత్తు వేయండి. ఆ మడి నీళ్లే నాలుగు అంగుళాలు పోయండి. ఒక సీసాలో మాత్రం సన్నగా తరిగిన ఎండు వరిగడ్డి ఒక చెంచాడు వేయండి. రెండింటికీ పల్చటి గుడ్డ కప్పి రబ్బరు బ్యాండు వేయండి. గుడ్డ తప్పనిసరి, లేకపోతే కుట్టే దోమలు వచ్చి గుడ్లు పెడతాయి. వెలుతురున్న నీడలో పెట్టి మూడు వారాలు రోజూ చూడండి.

గుడ్డ అడుగున వాలిన దోమలను లెక్కపెట్టి, ఏ సీసాలో ఎన్నో తేదీతో సహా రాయండి. నీళ్ల పైపొరకు తల్లకిందులుగా వేలాడే పిల్లపురుగులు కుట్టే దోమవి. అవి పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి. బురదలో గొట్టాల్లో ఉండేవే మనకు కావలసినవి. రెండింటినీ కలిపి లెక్కపెట్టకండి.

ఈ ప్రయోగం ఎక్కువగా చెడేది గడ్డి దగ్గర. ఎక్కువ వేస్తే మంచిదనుకుని పిడికెడు వేస్తారు. గడ్డి కుళ్లేటప్పుడు బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, పురుగులు చస్తాయి. సీసాను ఎండలో పెట్టినా అంతే, నీళ్లు కాగిపోతాయి. ఈమధ్యే మందు కొట్టిన మడి బురద అసలే పనికిరాదు.

మడిలో లెక్క

పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా నడుస్తూ, పది అడుగులకొకసారి ఆగి, మొత్తం 20 దుబ్బులు చూడండి. ఒడ్డు నుంచి రెండు మీటర్ల దూరంలోపు ఉన్నవి వదిలేయండి, ఒడ్డు పక్కన ఉండే పురుగులు మడి మధ్యలో ఉన్నట్టే ఉండవు. పళ్లెంలో కాస్త నీళ్లు పోసి దుబ్బు మొదట్లో ఏటవాలుగా పట్టి, దుబ్బును మూడు నాలుగుసార్లు తట్టండి. మీ నీడ దుబ్బు మీద పడకూడదు.

నోటుబుక్కులో మూడు వరుసలు గీయండి: వరిని తినేవి, వాటిని తినేవి, మూడోది కుట్టని దోమ లాంటివి. చాలామంది మూడో వరుస వదిలేస్తారు. మొదటి నెలలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

గుర్తుపట్టడంలో పొరపాటు జరిగేది సుడిదోమకూ మిరిడ్ నల్లికీ మధ్య. రెండూ మూడు, నాలుగు మిల్లీమీటర్లే. సుడిదోమ గోధుమ రంగు, గూను వీపు, తాకితే పక్కకు జరిగి పిలక చాటుకు పోతుంది. మిరిడ్ నల్లి ఆకుపచ్చగా, తల, భుజాల దగ్గర నల్లగా, సన్నగా ఉంటుంది, మీసాలు పొడవు, చకచకా పరుగెడుతుంది. సుడిదోమ గుడ్లను పీల్చేసేది ఇదే. దీన్ని శత్రువుల వరుసలో రాస్తే మీ లెక్క మొత్తం తలకిందులవుతుంది.

రైతు శిక్షణల్లో చెప్పే కొలత: రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు అక్కర్లేదు, చూస్తూ ఉండొచ్చు. ఇది మోటు లెక్కే, ఒక సాలీడూ ఒక మిరిడ్ నల్లీ సమానం కావు. కానీ వారానికొకసారి అదే మడిలో, అదే పద్ధతిలో లెక్కపెడితే ఏ వరుస పెరుగుతోందో ఏది తగ్గుతోందో తెలుస్తుంది. ఒక్కరోజు అంకె కన్నా ఆ తేడాయే విలువైనది.

తొందరపడి మందు కొడితే

నాటిన నెలలోపు ఆకుముడత (ఆకును ముడిచి లోపలుండి తినే పురుగు) కనబడిందని సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టారనుకోండి. ఆకుముడత తగ్గుతుంది. దానితోపాటే సాలీళ్లు, మిరిడ్ నల్లులు పోతాయి. సుడిదోమ గుడ్లు మాత్రం పిలకను చుట్టి ఉండే ఆకు తొడుగు లోపల ఉంటాయి, మందు అక్కడికి చేరదు. వారం, పది రోజుల్లో పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాళ్లు లేరు. సుడిదోమకు గుడ్డు నుంచి మళ్లీ గుడ్డుకు దాదాపు నెల చాలు, ఒక్కో ఆడదోమ వందకు పైగా గుడ్లు పెడుతుంది. సాలీడు తరం మారడానికి నెలలు పడుతుంది. ఈ పరుగులో సాలీడు గెలవదు. పైగా యూరియా ఎక్కువ వేసిన మడైతే పైరు గుబురుగా, మెత్తగా ఉండి దోమ ఇంకా వేగంగా పెరుగుతుంది. పొట్ట దశకు వచ్చేసరికి మడి మధ్యలో గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. రైతు మళ్లీ మందు కొడతాడు.

సుడిదోమ ఇలాగే విరుచుకుపడటంతో ఇండోనేషియా 1986లో వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించింది.

నాటేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలమనేదీ ఈ వ్యవస్థను చూసే. సుడిదోమకు దుబ్బు మొదట్లో చీకటి, తేమ కావాలి. బాటలుంటే ఎండా గాలీ అక్కడికి చేరతాయి. లెక్కపెట్టడానికి నడిచే దారీ దొరుకుతుంది.

వచ్చే పాఠానికి ముందు

మూడు వరుసల్లో దొరికిన వాటిని కాగితం మీద పరిచి, తినబడేదాని నుంచి తినేదానికి బాణం గీయండి. ఒక్క సాలీడు దగ్గరికే కనీసం మూడు బాణాలు రావాలి: కుట్టని దోమ, సుడిదోమ, పచ్చదోమ (ఇదీ వరి రసం పీల్చేదే). ఒక్కటే వచ్చిందంటే మళ్లీ మడికి వెళ్లండి. ఇప్పుడు కుట్టని దోమను రబ్బరుతో చెరిపి, నాటిన పదిహేనో రోజున సాలీడుకు ఏ బాణం మిగిలిందో చూసి రాయండి. 4వ పాఠంలో కప్ప, కొంగ, ఎలుక, జెర్రిపోతు ఇదే కాగితంలోకి వస్తాయి, చోటు వదిలి గీయండి.