యాసంగి షాఫ్టుల పనికి ముందు: సీఎన్‌సీ లేత్ మీద తీగ చిప్‌తో జాగ్రత్తలు

యాసంగి వరి కోతలకు ముందు మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఎలివేటర్, పాలిషర్ షాఫ్టులు వర్క్‌షాపులకు వరుస కడతాయి. వచ్చేది ఎక్కువగా ఎంఎస్ (మైల్డ్ స్టీల్), లేకుంటే ఈఎన్8 (మీడియం కార్బన్ స్టీల్). ఎంఎస్‌లో కార్బన్ తక్కువ, మెటల్ మెత్తన. చిప్ (కోతలో లేచే లోహపు పొర) విరగదు, సాగుతుంది, తీగలా వచ్చి చక్‌కు (షాఫ్టును పట్టి తిప్పే బిగింపుకు) చుట్టుకుంటుంది. ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దాకా ఉంటుంది కాబట్టి కొంత నయం. పని మీద పడ్డాక లేత్‌ను నడిపే ప్రోగ్రామ్ ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. సరిచేసేది ఏదున్నా ఇప్పుడే చేసుకోవాలె.

తీగ కనబడగానే ఆపరేటర్ చెయ్యి పోయేది ఫీడ్ (ఒక చుట్టుకు టూల్ జరిగే దూరం) ఓవర్‌రైడ్ నాబ్ మీదికి. 100 శాతం నుంచి 50కి తిప్పుతాడు. ప్రోగ్రామ్‌లో ఎఫ్0.25 (చుట్టుకు 0.25 మిల్లీమీటర్ల ఫీడ్) ఉంటే అది 0.125 అవుతుంది, చిప్ ఇంకా పల్చబడి ఇంకా పొడుగ్గా వస్తుంది. తిప్పాల్సింది తగ్గించే వైపు కాదు, పెంచే వైపు. ఇన్సర్టు (టూల్ కొసన బిగించే కటింగ్ ముక్క) మీది చిప్‌బ్రేకర్ గాడి చిప్‌ను వంచి విరవాలంటే చిప్‌కు మందం ఉండాలి, ఆ మందం ఫీడ్ నుంచే వస్తుంది. ఇన్సర్టు డబ్బా మీద ఫీడ్ ఎంత నుంచి ఎంత, డెప్త్ (కోత లోతు) ఎంత నుంచి ఎంత అని అచ్చేసి ఉంటుంది. ఆ రేంజ్ కింది అంచు దగ్గర నడిపితే చిప్ విరుగుతుందని నమ్మకం లేదు. రఫింగ్ (మొదటి మందపు కోతల) ఇన్సర్టుతోనే ఫినిషింగ్ (చివరి నున్నటి కోత) కూడా కానిచ్చే అలవాటు చాలా షాపుల్లో ఉంది. తీగలకు అదీ ఒక కారణమే.

ఫీడ్ పెంచితే ఫినిష్ పోతుందన్న భయం సగం మాత్రమే నిజం. 0.8 మిల్లీమీటర్ల నోస్ రేడియస్‌తో (ఇన్సర్టు మొన వంపుతో) ఎఫ్0.15కు లెక్క ప్రకారం ఆర్‌ఏ (పైభాగం గరుకుదనం) 0.9 మైక్రాన్ల దగ్గర వస్తుంది, ఎఫ్0.2కు 1.6. అసలు కటింగ్‌లో ఇంతకంటే కొంచెం ఎక్కువే వస్తుంది. అయినా బేరింగ్ సీటుకు 0.15, మిగతా షాఫ్టుకు 0.2 పెట్టి చూడకుండా 0.06కు దిగాల్సిన పని లేదు.

తర్వాత చూడాల్సింది జీ71 (పాస్‌లు తానే వేసుకునే రఫింగ్ కోడ్). రెండో లైనులోని యూ (ఫినిషింగ్‌కు వదిలేది) డయామీటర్ లెక్క అని మరిచిపోతుంటారు. యూ0.5 అంటే ఒక పక్క మిగిలేది 0.25 మిల్లీమీటర్లే. 0.8 నోస్‌తో అంత పల్చటి కట్ తీస్తే మెటల్ మొత్తం నోస్ వంపు మీదే తెగుతుంది, గాడి దాకా పోదు. నోస్ రేడియస్‌లో కనీసం మూడింట రెండు వంతులు మిగల్చాలె: 0.8కు యూ1.2, 0.4 నోస్‌కు యూ0.6. రఫింగ్ డెప్త్‌ను కూడా లెక్క కట్టి వెయ్యాలె. 50 మిల్లీమీటర్ల బార్‌ను 40కి తెస్తూ యూ1.2 వదిలితే ఒక పక్క తీసేది 4.4. మొదటి లైనులోని యూ మాత్రం ఒక పక్క లోతు లెక్క; అక్కడ యూ2.0 పెడితే 2, 2 పోయి చివరికి 0.4 మిగులుతుంది, తీగ వచ్చేది ఆ పాస్‌లోనే. యూ1.5 పెడితే 1.5, 1.5, 1.4, మూడూ దాదాపు సమానం.

స్పీడ్ ప్రభావం వీటికంటే తక్కువ. ఎంఎస్‌లో చిప్ మరీ సాగుతుంటే జీ96లో (కటింగ్ స్పీడ్‌ను ఒకేలా ఉంచే కోడ్‌లో) ఎస్220 (నిమిషానికి 220 మీటర్లు) ఉన్నదాన్ని 190కి దించి చూడొచ్చు. 100 కిందికి పోతే మెటల్ టిప్‌కు అంటుకుని ఫినిష్ చెడుతుంది. ఫేసింగ్‌లో సెంటర్‌కు పోయేకొద్దీ ఆర్‌పీఎం పెరిగి తీగ కొరడాలా కొడుతుంది కాబట్టి జీ50 (గరిష్ఠ ఆర్‌పీఎం) లిమిట్ లేకుండా జీ96 వాడొద్దు.

ఇవన్నీ చేసినా పొడుగు షాఫ్టు రఫింగ్‌లో తీగ ఆగకుంటే జీ71 పక్కన పెట్టి జీ01తో (ఫీడ్‌తో నేరుగా కోసే కోడ్‌తో) పాస్‌లు రాసి, ప్రతి 15 మిల్లీమీటర్లకు ఒక జీ04 పీ100 (టూల్‌ను 0.1 సెకన్ ఆపే కోడ్) పెట్టండి. 1200 ఆర్‌పీఎం మీద ఆ 0.1 సెకన్‌లో జాబ్ రెండు చుట్లు తిరుగుతుంది, ఫీడ్ లేక చిప్ తెగిపోతుంది. గీత పడుతుంది, కాబట్టి ఫినిష్ పాస్‌లో వద్దు. స్టెయిన్‌లెస్‌లో అసలే వద్దు, ఆగిన చోట గట్టిపడుతుంది.

ఎండలు ముదిరితే ట్యాంకులో నీళ్లు ఆవిరై కూలెంట్ (కోతను చల్లార్చే ఆయిల్, నీళ్ల మిశ్రమం) చిక్కబడుతుంది. రోజూ రిఫ్రాక్టోమీటర్‌తో (చిక్కదనం కొలిచే పరికరంతో) చూసి, ఆ రీడింగ్‌ను ఆయిల్ డబ్బా మీది ఫ్యాక్టర్‌తో గుణించండి. టర్నింగ్‌కు మామూలుగా 6 నుంచి 8 శాతం. కలిపేటప్పుడు నీళ్లలో ఆయిల్ పోయాలె, ఆయిల్‌లో నీళ్లు కాదు. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, కూలెంట్‌ను విరగ్గొట్టేది కాల్షియం, మెగ్నీషియం గట్టితనం. ఆర్‌ఓ నీళ్లు దొరికితే అవే మేలు. నాజిల్ ధార చక్ మీద కాదు, చిప్ లేచే చోట పడాలె.

మొదటి జాబ్ తలుపు మూసే నడిపి, ఆగినంక ట్రేలో చూడండి. 6, 9 అంకెల ఆకారంలో ముక్కలు రావాలె. వేలెడు స్ప్రింగులైనా పర్వాలేదు. నిన్నటిదాకా విరిగి ఇవాళ తీగ వస్తుంటే ప్రోగ్రామ్ ముట్టొద్దు, ఎడ్జ్ అరిగింది, ఇన్సర్టును కొత్త ఎడ్జ్‌కు తిప్పేయండి.

తీగ చుట్టుకుంటే స్పిండిల్ పూర్తిగా ఆగేదాకా తలుపు తియ్యొద్దు. ఇంటర్‌లాక్‌కు (తలుపు తెరిచి ఉంటే మెషిన్ నడవనివ్వని ఏర్పాటుకు) డమ్మీ తాళం పెట్టి నడిపే షాపులో ఈ జాగ్రత్తలు ఎన్ని చెప్పినా దండగ. తిరిగే జాబ్ దగ్గర గ్లవ్స్ వద్దు, ఎండకని మెడలో వేసుకున్న దస్తీ వద్దు. ఆగినాక కోతకు ఆగే గ్లవ్స్ తొడుక్కుని, ప్లయర్‌తో ముక్కలుగా కత్తిరించి హుక్‌తో తియ్యండి. ఒక కొస పట్టుకుని గుంజొద్దు. హుక్ పిడికి వేలు దూరే రింగు ఉండొద్దు. ఎయిర్ గన్ కూడా వద్దు, సన్న ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి.

తీసినాక ఆగిన లైను నుంచే స్టార్ట్ కొట్టొద్దు. టిప్ విరిగిందేమో, ఇన్సర్టు సీటులో కదిలిందేమో చూసి, జాబ్ కొలిచి, ర్యాపిడ్ (కోత లేకుండా టూల్ వేగంగా జరిగే కదలిక) 25 శాతానికి దించి, ఆ టూల్‌ను పిలిచే లైను నుంచి మళ్లీ మొదలుపెట్టండి.