పెళ్లయినా, ఊరు మారినా పీఎఫ్ సర్వీసు తెగిపోకుండా చూసుకోవడం ఎలా?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల్లోనూ, మండపేట రైసు మిల్లుల్లోనూ పనిచేసే ఆడపిల్లలు పెళ్లి కుదరగానే ఉద్యోగం మానేసి, పీఎఫ్ ఖాతాలో ఉన్నదంతా తీసేసుకోవడం మన డెల్టాలో మామూలే. పాలకొల్లు దగ్గర నాకు తెలిసిన ఒకావిడ పెళ్లికి ముందు నాలుగేళ్లు, పిల్లలు ఎదిగాక ఎనిమిదేళ్లు, మొత్తం పన్నెండేళ్లు పనిచేశారు. పీఎఫ్‌తో పాటే ఉండే పెన్షను నెలనెలా రావాలంటే పదేళ్ల సర్వీసు చాలు. అయినా ఆవిడ లెక్కలో ఎనిమిదేళ్లే ఉన్నాయి. పెళ్లినాడు పెన్షను సొమ్ము కూడా తీసేసుకోవడంతో మొదటి నాలుగేళ్లు అక్కడితోనే రద్దయిపోయాయి. ఇప్పుడు ఆవిడకు యాభై ఆరేళ్లు. 58 నిండేలోపు మరో ఏడాదిన్నర పని దొరికితేనే అర్హత వస్తుంది. ఇంత కష్టం ఇంకెవరికీ రాకూడదనే ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

ముందుగా మీ సర్వీసు ఎంతో లెక్క కట్టుకోండి. పీఎఫ్ మెంబరు పోర్టల్‌లో యూఏఎన్‌తో (ఉద్యోగాలు మారినా ఒకటే ఉండాల్సిన పీఎఫ్ సభ్యత్వ నంబరు) లాగిన్ అయి సర్వీస్ హిస్టరీ తెరిస్తే, ప్రతి సంస్థలో చేరిన తేదీ, మానేసిన తేదీ కనిపిస్తాయి. మానేసిన తేదీ ఖాళీగా ఉంటే ఇప్పుడే వేయించుకోండి. పాస్‌బుక్‌లో పెన్షను కాలమ్‌ను నెలవారీగా చూడండి. యజమాని వాటాలోంచి జీతంపై 8.33 శాతం, 15,000 రూపాయల పరిమితి వల్ల గరిష్ఠంగా 1,250 రూపాయలు, అందులో పడుతుంది. 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకంలో ఆరు నెలలు, అంతకు మించిన కాలాన్ని పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి తొమ్మిదిన్నరేళ్లు పదేళ్లతో సమానం. జీతం లేకుండా పోయిన రోజులు మాత్రం లెక్కలోంచి తగ్గుతాయి. చెరకు ఆడే సీజన్‌లోనే నడిచే చక్కెర ఫ్యాక్టరీ వంటి చోట, సీజన్‌లో చేసిన పనిని ఆ ఏడాదికి పూర్తి ఏడాదిగానే లెక్కిస్తారు. ఈ సంగతి తెలియక సీజన్ కార్మికులు చాలామంది తమకు పెన్షనే రాదనుకుంటారు.

రెండో పని ఇంటిపేరుకు సంబంధించినది. అసలు చిక్కంతా ఇక్కడే వస్తుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు చేరుతుంది, యూఏఎన్‌లో మాత్రం పుట్టింటి పేరే ఉండిపోతుంది. అమలాపురంలో పనిచేసిన అమ్మాయి తణుకులో కొత్త ఉద్యోగంలో చేరేటప్పుడు పాత నంబరు చెప్పకపోతే, కొత్త యూఏఎన్ పుట్టి సర్వీసు రెండు ముక్కలవుతుంది. కాంట్రాక్టరు మారినప్పుడూ ఇదే జరుగుతుంది. అందుకే చేరిన రోజునే పాత యూఏఎన్ ఇవ్వండి. ఆధార్‌లోని పేరుకు సరిపోయేలా జాయింట్ డిక్లరేషన్‌తో (మీరూ యజమానీ కలిసి ఇచ్చే దరఖాస్తు) పీఎఫ్‌లోని పేరు మార్పించండి. రెండు నంబర్లు ఇప్పటికే ఉంటే, పాత ఖాతాను ఇప్పటి ఖాతాకు బదిలీ చేయమని కోరండి.

ఉద్యోగం మానేటప్పుడు చేయాల్సింది ఇంతకంటే ముఖ్యం. పెళ్లి ఖర్చులకు డబ్బు తప్పనిసరి అయితే 19 నంబరు ఫారంతో పీఎఫ్ సొమ్ము తీసుకోండి. పెన్షను భాగానికి వేరే ఫారం, అంటే 10సి, ఉంటుంది. పదేళ్లు నిండనివారు దానితో సొమ్మైనా తీసుకోవచ్చు, స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసుకు రుజువుగా ఇచ్చే పత్రం) అయినా కోరవచ్చు. నా మాట వింటే సర్టిఫికెట్టే తీసుకోండి. రేపు నరసాపురంలో చేరినా, హైదరాబాదులో చేరినా, దాన్ని చూపితే పాత ఏళ్లు కొత్త ఏళ్లకు కలుస్తాయి. సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తే నెల పెన్షను వస్తుంది: 13,000 జీతంతో పదేళ్లకు దాదాపు 1,857 రూపాయలు. పెద్ద మొత్తం కాదు, కానీ 58వ ఏట నుంచి బతికినంతకాలం వస్తుంది.

పెళ్లి నామినేషన్‌ను కూడా మారుస్తుంది. పెళ్లికి ముందు ఎవరి పేరు రాసినా, పెళ్లితో ఆ పీఎఫ్ నామినేషన్ చెల్లకుండా పోతుంది. మళ్లీ దాఖలు చేయాలి. భార్యకో భర్తకో పెన్షను రావడానికి కాపురం ఇన్నేళ్లు చేసి ఉండాలన్న నిబంధన ఈ పథకంలో లేదు. సభ్యుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా సరే, జీవిత భాగస్వామికి పెన్షను వస్తుంది. కనీస మొత్తం నెలకు 1,000 రూపాయలు. భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె పెన్షను ఆగి, పిల్లలకు అనాథ పెన్షను మొదలవుతుంది. వివాహ ధ్రువపత్రం లేకపోతే ఇదంతా కాగితాల దగ్గరే నిలిచిపోతుంది కాబట్టి పెళ్లిని సబ్ రిజిస్ట్రారు దగ్గర నమోదు చేయించండి.

ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే మొత్తం, అంటే గ్రాట్యుటీ, లెక్క వేరు. అది ఒకే యజమాని దగ్గర చేసిన సర్వీసుకే వస్తుంది. రెండు సంస్థల ఏళ్లు కలవవు. అయిదేళ్లు నిండాలి, మరణించినా, అంగవైకల్యం వచ్చినా ఆ షరతు లేదు. అయిదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలన్న మద్రాసు హైకోర్టు తీర్పు ఉన్నా, యాజమాన్యాలన్నీ దానికి ఒప్పుకోవు. పెళ్లి ముహూర్తం దగ్గరపడి రాజీనామా తేదీ రాసేముందు, ఆ అయిదేళ్లకు ఇంకెన్ని రోజులు తక్కువో ఒకసారి చూసుకోండి. 13,000 జీతంతో ఏడేళ్లు చేస్తే, 15 రోజుల వేతనం చొప్పున (నెలను 26 రోజులుగా తీసుకుంటారు) 52,500 రూపాయలు వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కింద నిర్ణీత కాల ఒప్పందంపై పనిచేసేవారికి ఏడాది చాలు.

ఎక్కడైనా చిక్కు పడితే ఆధార్, వివాహ ధ్రువపత్రం, పాస్‌బుక్ ప్రతి, పాత జీతం చీటీలు పట్టుకుని, ప్రతి నెలా 27న జిల్లాల్లో పీఎఫ్ సంస్థ నిర్వహించే నిధి ఆప్కే నికట్ శిబిరానికి వెళ్లండి.