క్రౌన్ కటింగ్‌లో ఎయిరోటర్ ఆగిపోతోందా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

చెన్నైలో మన తెలుగు డాక్టర్ల క్లినిక్‌ల నుంచి నాకు తరచుగా వచ్చే ఫోను ఒకటుంది. "క్రౌన్, బ్రిడ్జ్ (పంటి తొడుగుల) పనికి ఏ హ్యాండ్‌పీస్ కొనమంటారు?" ఉన్న ఎయిరోటర్‌కు, అంటే గాలితో తిరుగుతూ పన్ను కోసే హ్యాండ్‌పీస్‌కు, ఏమైందంటే బలం చాలడం లేదంటారు. కొత్త బర్ (కొనకు తగిలించే కోసే ముక్క) పెట్టి చూశారా అంటే, అవతల కాసేపు మాట ఉండదు. కుర్చీల సర్వీసు పనిలో ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను. మంచి ఎయిరోటర్‌ను పక్కన పడేసి ఇంకోటి కొనడం, అది కూడా నెల తిరగకుండానే మొరాయించడం ఎన్నోసార్లు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. నూనె వేయడం, ఆటోక్లేవ్ చేయడం, కార్ట్రిడ్జ్ (తల లోపల తిరిగే టర్బైన్, బేరింగుల సెట్టు) మార్చడం మీకు వచ్చినవే, వాటి జోలికి పోను.

లక్షణం: గాల్లో బాగా తిరుగుతుంది, పంటికి ఆనించగానే చచ్చుబడిపోతుంది

ముందు బర్ చూడండి. ఒకే డైమండ్ బర్‌తో ఎన్ని క్రౌన్లు కోశారో గుర్తుందా? లూప్ పెట్టుకుని చూస్తే గింజలు అరిగి నున్నగా మెరుస్తుంటాయి, సందుల్లో తెల్లటి ముద్ద పట్టి ఉంటుంది. అలాంటి బర్ కోయదు, రుద్దుతుంది. ప్యాకెట్ విప్పని కొత్త బర్ పెట్టి అదే పంటి మీద చూడండి. పాత క్రౌన్ తీస్తుంటే పైన పింగాణీకి డైమండ్, లోపలి లోహానికి క్రాస్‌కట్ కార్బైడ్ వాడాలి. జిర్కోనియాకు (చాలా గట్టి క్రౌన్ పదార్థం) దానికోసమే చేసిన డైమండ్ కావాలి. మామూలు డైమండ్‌తో జిర్కోనియా మీద కుస్తీ పట్టి ఎయిరోటర్‌ను తిట్టుకుంటే లాభం లేదు.

కొత్త బర్ పెట్టినా అంతేనా? అయితే ఆ ఎయిరోటర్ తీసి పక్క కుర్చీకి తగిలించి చూడండి. అక్కడ బాగా కోస్తే తప్పు ఎయిరోటర్‌ది కాదు, మీ కుర్చీకి వచ్చే గాలిది. రెండు నిమిషాల పని ఇది, ఎవరూ చేయరు.

నన్ను బాగా దెబ్బతీసిన కారణం ఇదే. వడపళనిలో నెల్లూరు నుంచి వచ్చిన ఒక మేడమ్ క్లినిక్ ఉంది. రెండు నెలల్లో ఆవిడ ఎయిరోటర్‌కు మూడు కార్ట్రిడ్జ్‌లు నా చేత్తోనే మార్చాను. మార్చిన రోజు బాగుండేది, పదిహేను రోజులకల్లా మళ్లీ ఫోను. మూడోసారి ఆవిడ, "అన్నా, ఇక దీన్ని వదిలేస్తాను. క్రౌన్లకు గట్టిది ఏదో మీరే చెప్పండి, కొనేస్తాను" అన్నారు. కొనిపించే ముందు ఒకసారి చూద్దామని, అంతకు ముందెప్పుడూ ఆ క్లినిక్‌లో చేయని పని చేశాను. హోస్‌కూ (గాలి తెచ్చే గొట్టం) ఎయిరోటర్‌కూ మధ్య ప్రెషర్ గేజ్ బిగించి, బర్ పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కి అలాగే పట్టుకోమన్నాను. పెడల్ తొక్కకముందు కుర్చీ మీద ఉన్న గేజ్ నిండుగానే చూపించింది. నా చేతిలోని గేజ్ ముల్లు మాత్రం 2.6 బార్ దగ్గర మొదలై, చూస్తుండగానే మెల్లగా 1.4కి దిగి ఆగిపోయింది. ఎయిరోటర్ గొంతు కూడా దాంతోపాటే దిగింది.

కుర్చీ కింద బాక్సు మూత తీశాను. ఫిల్టర్ గిన్నెలో సగం దాకా నీళ్లు. వాటి రంగు పాచిపోయిన టీ రంగు. తెల్లగా ఉండాల్సిన ఫిల్టర్ ఎలిమెంట్ మీద తుప్పూ నూనే కలిసి బంకలా గడ్డకట్టి ఉంది. దాని ఖరీదు ఒక్క కార్ట్రిడ్జ్ ఖరీదులో చిన్న ముక్క. మూడు కార్ట్రిడ్జ్‌ల డబ్బు ఆవిడ చేత అనవసరంగా పెట్టించింది నేనే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కుర్చీ మీది గేజ్ ఎందుకు మోసం చేస్తుందంటే, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడి నిండుగానే ఉంటుంది. పైపు లోపల చెత్త ఎంత పట్టిందో కుళాయి తిప్పితేనే తెలుస్తుంది, ధార సన్నగా వస్తుంది. గాలి కూడా అంతే. గాలి కదలనప్పుడు మూసుకుపోయిన ఫిల్టర్‌కు అవతలా ఇవతలా ఒత్తిడి సమానమైపోతుంది. పెడల్ తొక్కి గాలి పారడం మొదలయ్యాకే అడ్డు బయటపడుతుంది. గాలి తక్కువైతే టర్బైన్‌కు బలం ఉండదు. బలం లేదని డాక్టరు చేత్తో ఇంకాస్త నొక్కుతారు. నొక్కిన కొద్దీ పన్ను వేడెక్కుతుంది, బేరింగులు పాడవుతాయి. చివరికి కార్ట్రిడ్జ్ నిజంగానే పోతుంది, మనమేమో కార్ట్రిడ్జే తప్పనుకుంటాం.

కాబట్టి ఎప్పుడు కొలిచినా పెడల్ తొక్కి, స్ప్రే నీళ్లు పారుతుండగా, అర నిమిషం పట్టుకుని కొలవండి. చాలా ఎయిరోటర్లు 2 నుంచి 3 బార్ మధ్య, అంటే సుమారు 30 నుంచి 40 పీఎస్ఐ దాకా అడుగుతాయి. మీ దాని అంకె దానితో వచ్చిన కాగితంలో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. రెండు కుర్చీలకూ ఒకే కంప్రెసర్ ఉంటే రెండో పెడల్ కూడా తొక్కించి చూడండి. పొద్దున బాగుండి సాయంత్రం బలం తగ్గుతోందనే క్లినిక్‌లలో చాలాసార్లు కథ ఇక్కడే ఉంటుంది.

ఫిల్టర్ తీసే ముందు గాలి కట్టేసి, లైనులో మిగిలింది వదిలేయండి. ఎలిమెంట్‌ను కడిగి మళ్లీ పెట్టకండి, కొత్తది వేయండి. ఆ తర్వాత ఒకటి మరిచిపోవద్దు. బలం తగ్గినప్పుడల్లా ఎవరో ఒకరు రెగ్యులేటర్ (గాలి ఒత్తిడిని సరిచేసే మర) కొంచెం కొంచెం పైకి తిప్పి ఉంటారు. అడ్డు తొలగిపోయాక ఆ ఒత్తిడంతా ఒక్కసారిగా ఎయిరోటర్ మీద పడుతుంది, కొత్త బేరింగులు దానికి తట్టుకోవు. పెడల్ తొక్కి పట్టుకునే రెగ్యులేటర్‌ను కిందికి సరిచేయండి.

ఇంతకీ ఆ నీళ్లు ఎక్కడివి? చెన్నై గాలిలోవే. తడిగాలిని నొక్కి ట్యాంకులోకి ఎక్కిస్తే, చల్లారాక అందులోని తేమ నీరై అడుగున చేరుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇంకా ఎక్కువ. ట్యాంకు అడుగున డ్రెయిన్ వాల్వ్ ఉన్నది అందుకే. రోజూ సాయంత్రం ట్యాంకులో కాస్త గాలి ఉండగానే దాన్ని తిప్పి, నీళ్లు ఆగి ఉత్త గాలి వచ్చేదాకా వదలండి. కంప్రెసర్‌ను బాత్‌రూమ్ పక్కన, మెట్ల కింద గాలాడని చోట కుక్కితే తడి ఇంకా పెరుగుతుంది.

లక్షణం: బర్ జారుతోంది, లేదా ఊడి వస్తోంది

ముందు బర్ కాడ చూడండి. ఎయిరోటర్ బర్ కాడ మందం 1.6 మి.మీ. ఉండాలి. తుప్పు పట్టినా, అరిగినా పట్టు దొరకదు. పూర్తిగా లోపలికి నెట్టి, నోట్లోకి తీసుకెళ్లే ముందు ప్రతిసారీ వేళ్లతో ఒకసారి లాగండి. రెండు కొత్త బర్‌లు వరసగా జారితే చక్ (బర్‌ను పట్టి ఉంచే భాగం) అయిపోయినట్టే. "ఈ ఒక్క పేషెంట్‌కు కానిచ్చేస్తాను" అనకండి. ఊడిన బర్ గొంతులోకి పోతుంది.

లక్షణం: మార్జిన్ (కోసిన పంటి అంచు) అలలు అలలుగా వస్తోంది

వంగిన బర్ గానీ ఆట పడిన బేరింగ్ గానీ కారణం. కొత్త బర్ పెట్టాక కూడా వణికితే, ఆపి ఉంచి బర్‌ను పట్టుకుని పక్కలకు కదపండి. ఆట తగిలితే ఇక్కడ మాత్రం కార్ట్రిడ్జ్ మార్చడమే న్యాయం.

లక్షణం: స్ప్రే ఒక పక్కే వస్తోంది

బోరు నీళ్లు, లారీ నీళ్లు పోసేచోట సున్నం పట్టి రంధ్రాలు మూసుకుంటాయి. సన్నటి తీగతో తీసి, కుర్చీ బాటిల్‌లో డిస్టిల్డ్ వాటర్ వాడండి. బర్ కింద కప్పు పట్టి నిమిషం నడపండి, క్రౌన్ కటింగ్‌కు కనీసం 50 మిల్లీలీటర్లు రావాలి.

లక్షణం: డెంచర్ ట్రిమ్ చేస్తుంటే స్ట్రెయిట్ హ్యాండ్‌పీస్ కాలిపోతోంది

పళ్ల సెట్టు పనికి స్ట్రెయిట్ హ్యాండ్‌పీసే వాడాలి. నోట్లో వాడే కాంట్రా యాంగిల్‌తో (వంపు తల హ్యాండ్‌పీస్) ఎక్రిలిక్ (సెట్టు ప్లాస్టిక్) గీకకండి, ఆ దుమ్ము గేర్లలోకి పోయి త్వరగా తినేస్తుంది. స్ట్రెయిట్‌లోనూ ముందు చూడాల్సింది కోలెట్‌లో (బర్ కాడను పట్టే భాగం) పేరుకున్న దుమ్మే. తర్వాత బర్ సగమే లోపలికి వెళ్లిందా అని చూడండి. 2.35 మి.మీ. కాడను లోపలిదాకా దించి లాక్ పూర్తిగా తిప్పాలి. లాక్ సగం తెరిచి ఉండగా నడిపితే లోపల రాపిడికి వేడెక్కుతుంది. ఎక్రిలిక్ కరిగి బర్‌కు అంటుకుంటుంటే స్పీడ్ ఎక్కువైనట్టు, తగ్గించి తేలిక చేత్తో గీకండి. మోటర్ ఆగి ఆగి తిరిగితే ముందు కేబుల్‌ను ప్లగ్ దగ్గర కదిపి చూడండి, ఆ తర్వాత కార్బన్ బ్రష్‌లు.

ఫుట్ కంట్రోల్‌లో లీకు, కప్లింగ్‌లో పాత గ్యాస్కెట్ తీయకుండా దానిమీదే కొత్తది వేయడం లాంటివీ ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ అయ్యాక వాటిని మెకానిక్‌కు వదిలేయండి.

అన్నీ సరిగ్గా ఉన్నా బలం చాలకపోతే అప్పుడు కొనండి. వెనక దవడ పళ్లకు, నోరు పెద్దగా తెరవని పేషెంట్లకు చిన్న తల ఎయిరోటర్ సుఖం. కానీ వరసగా క్రౌన్లు కోసే చోట పెద్ద తల ఉన్న టార్క్ (తిప్పే బలం ఎక్కువ) రకమే నిలుస్తుంది. జిర్కోనియా, పాత బ్రిడ్జ్‌లు తీయడం మీకు రోజువారీ పని అయితే ఎలక్ట్రిక్ మైక్రోమోటర్, దానికి ఎర్ర గీత 1:5 కాంట్రా యాంగిల్ తీసుకోమంటాను. ఎయిరోటర్ వట్టిగా నిమిషానికి మూడు నాలుగు లక్షల చుట్లు తిరిగినా, పంటిని తాకగానే సగానికి పడిపోతుంది. మోటర్ 40,000 చుట్లను ఈ 1:5 కాంట్రా యాంగిల్ ఐదింతలు పెంచి 2 లక్షలు చేస్తుంది, నొక్కినా పెద్దగా తగ్గదు. బరువు ఎక్కువ, ఖరీదు ఎక్కువ. గేర్లు అరిగితే తల కాలుతుంది. మత్తులో ఉన్న పేషెంట్‌కు పెదవి కాలేది తెలియదు, అందుకని వాడేటప్పుడు మధ్యమధ్యలో మీ వేలితో తల తాకి చూసుకోండి.

ఎయిరోటరే తీసుకుంటే, దుకాణానికి వెళ్లేముందు మీ హోస్ చివర రంధ్రాలు రెండా నాలుగా లెక్కపెట్టి ఫోన్‌లో ఫోటో తీసుకోండి, కొత్తది దానికి సరిపోవాలి కదా.