లేనియర్‌లో పాంటూన్ ఎక్కే ముందు

మే నెలాఖరుకి మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ వస్తోందంటే మా అట్లాంటా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి. "పాంటూన్ బుక్ చేశాం, ఇంకో ఇద్దరికి చోటుంది, ఎవరొస్తారు?" పాంటూన్ అంటే పొడవాటి గొట్టాల మీద తేలే చదునైన బోటు. కమింగ్, ఆల్ఫరెటా వైపు ఉండే మనవాళ్లకి లేక్ లేనియర్ పెరటి చెరువు లెక్క. ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చేదీ ఈ రోజుల్లోనే. ఏడాదికి ఒకసారి, అద్దె బోటు, పదిమంది జనం, నాలుగు ట్రేల బిర్యానీ. నడిపేవాడికి కారు బాగా వచ్చు, బోటు కొత్త.

నేను కోస్ట్ గార్డ్ ఆగ్జిలరీలో వాలంటీర్ని. 1939 నుంచీ ఉన్న సంస్థ ఇది. జీతం లేకుండా కోస్ట్ గార్డ్‌కి తోడుగా ఉండే మామూలు జనం ఇందులో పనిచేస్తారు. శని, ఆదివారాల్లో బోట్లు నీళ్లలోకి దించే రాంపుల దగ్గర నిలబడి, అడిగినవాళ్ల బోటుని ఉచితంగా చెక్ చేసి, అన్నీ ఉంటే స్టిక్కర్ ఇస్తాం. యూనిఫాం చూసి చాలామంది పోలీసులనుకుని తప్పుకుంటారు. మాకు టికెట్ రాసే అధికారం లేదు. లోపం కనబడితే మీకు చెప్తాం, ఇంకెవరికీ చెప్పం.

లైఫ్ జాకెట్లతోనే మొదలుపెడతాను. బోటులో ఉన్నాయా అని అడిగితే అందరూ ఉన్నాయనే అంటారు. ఒకసారి ఒక కుటుంబాన్ని చూపించమన్నాను. ముందు కూలర్ దించారు, తర్వాత బిర్యానీ ట్రేలు, తర్వాత స్పీకరు, ఆ తర్వాత సీటు మూత ఎత్తితే జాకెట్లు. సగం ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉన్నాయి. కోడలు ఒకటి తీసి, "అత్తయ్యా, వేసుకోండి" అంది. ఆవిడ చీర చూసుకుని, "దీని మీద అదేంటమ్మా, ఫొటోలు పాడైపోవూ! అక్కడ పెట్టు, మునిగేటప్పుడు వేసుకుంటాలే" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో మీ సబ్‌డివిజన్ పూల్‌లో ఒకసారి ప్రయత్నించి చూడండి. కాళ్లు అందని చోట, తడిసిన చీరతో, నోట్లో నీళ్లు పోతుంటే బకిల్ పెట్టుకోవాలి. కొంగు లోపలికి దోపి, పైన జాకెట్ వేసుకుని, బకిల్ పెట్టుకున్నాకే డాక్ (బోట్లు కట్టేసే వేదిక) వదలాలి. అమెరికాలో బోటు ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది మునిగే పోతున్నారు. అలా మునిగినవాళ్లలో 80 శాతానికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లేనని కోస్ట్ గార్డ్ లెక్కలు ఏటా చెప్తూనే ఉన్నాయి.

పిల్లల జాకెట్ సైజు వయసుని బట్టి ఉండదు, బరువుని బట్టి ఉంటుంది. 30 పౌండ్లలోపు ఒకటి, 30 నుంచి 50కి ఒకటి, 50 నుంచి 90కి ఒకటి. 'పెరుగుతాడులే' అని ఒక సైజు పెద్దది కొనడానికి ఇది స్కూలు యూనిఫాం కాదు. వేశాక పిల్లాణ్ణి రెండు చేతులూ పైకెత్తమని, జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా పైకి లాగండి. జాకెట్ లేచి గడ్డం, చెవులు అందులోకి దూరిపోతే అది వదులు. చిన్నపిల్లలకి కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ కూడా పెట్టాలి. చేతులకి తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్ కిందకి రావు. జార్జియాలో కదులుతున్న బోటులో 13 ఏళ్లలోపు పిల్లలకి జాకెట్ ఒంటి మీద ఉండాలన్నది చట్టం. వాళ్ల తాతగారికి చట్టం ఏమీ చెప్పదు, మీరే చెప్పాలి.

మన విషయంలో నన్ను ఎక్కువ భయపెట్టేది బోటు వేగం కాదు. బోటు ఆపి, లంగరు వేసి, "ఇక్కడ నీళ్లు బాగున్నాయి, ఒక్కసారి దూకుదాం" అనే క్షణం. 2023 ఏప్రిల్‌లో ఇండియానాలోని లేక్ మన్రోలో జరిగింది ఇదే. పాంటూన్‌కి లంగరు వేసి స్నేహితులు ఈతకి దిగారు. ఇద్దరు భారత సంతతి విద్యార్థులు మళ్లీ పైకి రాలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ చురుక్కుమంటున్నా నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. దూకగానే ఊపిరి ఒక్కసారిగా ఎగపీల్చుకుంటాం, అది మన చేతిలో ఉండదు. ఆ సమయంలో తల నీళ్లలో ఉంటే పీల్చేది నీళ్లనే. "ఊళ్లో బావిలో నేర్చుకున్న ఈత నాది" అనే బాబాయిలు ప్రతి బోటులోనూ ఒకరుంటారు. ఆ ఈతని తక్కువ చేయను. కానీ బావిలో నాలుగు బారలు వేస్తే గట్టు అందుతుంది. ఇక్కడ గాలికి బోటు జరిగిపోతుంటుంది, అలసిపోతే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే ఈతకి దిగేటప్పుడు కూడా జాకెట్ తీయకండి.

లేనియర్‌లో దెయ్యాలున్నాయని యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు. దెయ్యాలతో పనిలేదు. 1950లలో చాటహూచీ నది మీద బ్యూఫర్డ్ డ్యామ్ కట్టినప్పుడు ఒక లోయ మొత్తం నీట మునిగింది. చెట్లు, పాత రోడ్లు, పునాదులు ఇప్పటికీ అడుగునే ఉన్నాయి. ఒడ్డు నుంచి నాలుగడుగులు మోకాలి లోతు, అయిదో అడుగుకి నేల ఉండదు. డ్యామ్ దగ్గర లోతు 150 అడుగులు దాటుతుంది. నీళ్లు మసకగా ఉంటాయి కాబట్టి మునిగిన మనిషి చేతికందేంత దూరంలో ఉన్నా కనబడడు. పార్కుల్లో తాడు కట్టిన ఈత స్థలాలున్నాయి, పిల్లల్ని అక్కడే దింపండి. అక్కడ కూడా లైఫ్‌గార్డులు ఉండరని గుర్తుంచుకోండి.

ఎవరైనా మునిగిపోతుంటే వెనకే దూకేయకండి. మనవాళ్లు ప్రాణం ఇచ్చేస్తారు, నిజంగానే ఇచ్చేస్తారు. 16 అడుగులు, అంతకన్నా పెద్ద బోటులో విసరడానికి నీళ్లలో తేలే కుషనో రింగో ఒకటి ఉండి తీరాలి. అది ఎక్కడుందో డాక్ వదలకముందే అందరికీ చూపించండి, ట్రేల కింద పెట్టకండి. విసరండి, తాడు అందించండి, 911కి ఫోన్ చేయండి. ఎక్కడున్నారో చెప్పడానికి దగ్గర్లోని పార్కు పేరో, నీళ్లలో నిలబెట్టిన మార్కర్ మీది నంబరో చూసి పెట్టుకోండి.

డాక్‌ల దగ్గర ఈత వద్దేవద్దు. అక్కడ కరెంటు ఉంటుంది. ఎక్కడో వైరు లీకైతే ఆ కరెంటు నీళ్లలోకి వస్తుంది, చూడ్డానికి ఏమీ తెలియదు. ఒంట్లో జిల్లుమన్నట్టు అనిపిస్తే డాక్ వైపు రాకుండా దూరంగా ఈదుతూ వెళ్లిపోవాలి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకకుండా ముందు కరెంటు ఆపాలి.

ఇక బోటు సంగతి. లోపల ఒక రేకు మీద ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువో రాసి ఉంటుంది. ఒళ్లో కూర్చున్న పసివాడు కూడా ఒక మనిషే. సర్దుకుందాంలే అనే అలవాటు షేర్ ఆటోకి సరిపోయింది, దీనికి సరిపోదు. గ్రూప్ ఫొటో కోసం అందరూ ఒకే పక్కకి చేరకండి. పాంటూన్ ముందు రెయిలింగ్ దాటి కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం అందరికీ సరదా. పెద్ద బోటు అల వచ్చి ముందు భాగం కిందకి దిగితే అక్కడ కూర్చున్నవాళ్లు నేరుగా ప్రొపెల్లర్ కిందకి పోతారు. లంగరు ముందు వైపు నుంచే వేయాలి. వెనక కడితే ఇంజిన్ బరువుకి తోడు అలలు కలిసి నీళ్లు లోపలికి వస్తాయి.

నిచ్చెన దగ్గరికి ఎవరైనా వెళ్తే ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టడం చాలదు, పూర్తిగా ఆపాలి. ప్రొపెల్లర్ ఒక్కటే కారణం కాదు. వెనక పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా లేవు. అక్కడ వేలాడుతూ ఆడుకునే పిల్లలు చడీచప్పుడు లేకుండా స్పృహ తప్పుతారు. తలనొప్పి, వికారం అంటే ఎండ దెబ్బ అనో, నిన్నటి పూరీ అనో సరిపెట్టుకోకండి.

నడిపేవాడి నడుముకి కిల్ స్విచ్ తాడు తగిలించి ఉండాలి. 26 అడుగులలోపు బోట్లకి 2021 ఏప్రిల్ నుంచి ఇది ఫెడరల్ రూలు. అతను పడిపోతే ఇంజిన్ ఆగిపోతుంది, లేకపోతే బోటు గుండ్రంగా తిరిగి అతని మీదికే రావచ్చు. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జార్జియాలో మోటారు బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసవ్వాలి. ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలంతా దాదాపు ఈ లెక్కలోకే వస్తారు. ఆన్‌లైన్‌లో అయిపోతుంది, ముందు వారమే చేసి పెట్టుకోండి. మందు విషయంలో కారుకున్న హద్దే (రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం) బోటుకీ. "నడిపేది నేను కాదుగా" అనే అన్నయ్యలకి ఒక మాట: బోటు అంచున నిలబడి లఘుశంకకి వెళ్తూ పడిపోయేవాళ్లు చాలామందే ఉన్నారు. నవ్వొచ్చే చావు కాదది. బయల్దేరే ముందే ఒడ్డు మీద బాత్రూమ్‌కి వెళ్లి రండి.

మధ్యాహ్నం ఉరుము వినబడితే బిర్యానీ సగంలో ఉన్నా ఒడ్డుకి తిప్పేయండి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ నీళ్లలోకి.

సొంత బోటు ఉన్నవాళ్లు సీజన్ మొదట్లోనే మా దగ్గరికి రండి. రిజిస్ట్రేషన్ కాగితం, అందరి జాకెట్లు, హార్న్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చూస్తాం. మళ్లీ నింపుకోలేని రకం ఎక్స్‌టింగ్విషర్ అడుగున తయారైన సంవత్సరం ఉంటుంది, అది 12 ఏళ్లు దాటితే పనికిరాదు. అద్దె బోటు అయితే డాక్ మీద కుర్రాడు అయిదు నిమిషాల్లో అప్పగించేసి వెళ్లిపోతాడు. అతన్ని ఆపి ఇవన్నీ మీ కళ్లతో చూశాకే సంతకం పెట్టండి.